కొండ తిరగబడింది కాగితం మీదే

1942 ఆగస్టు 21న ఒడిశా కొండల్లోని మత్తిలి పోలీసు స్టేషన్ ముందు కాల్పులు జరిగాయి. క్విట్ ఇండియా పిలుపు విని జెండాలు పట్టుకుని ఊరేగింపుగా వచ్చిన కొండజనాన్ని పోలీసులు ముందు లాఠీలతో కొట్టారు, తర్వాత తుపాకులు పేల్చారు. ఆ రోజు ప్రాణాలు పోయినవాళ్లలో ఒక ఫారెస్టు గార్డు కూడా ఉన్నాడు. పేరు రామయ్య. ఆయన్ని చంపాడన్న నేరాన్ని ఊరేగింపు ముందు నడిచిన లక్ష్మణ్ నాయక్ మీద మోపారు. నవంబరు 13న ఉరిశిక్ష వేసి, 1943 మార్చి 29న బరంపురం జైల్లో అమలు చేశారు.

లక్ష్మణ్ నాయక్ కోరాపుట్ ప్రాంతంలోని తెంతులిగుమ్మ మనిషి, భూమియా తెగవాడు. తండ్రి జయపురం రాజు కింద శిస్తు వసూలు చేసే ముస్తాదారు. ఒడిశా ఆయన్ని నెత్తిన పెట్టుకుంది. కోరాపుట్‌లో 2017లో మొదలైన ప్రభుత్వ మెడికల్ కాలేజీకి ఆయన పేరే పెట్టారు. చుట్టుపక్కల తెలుగు కుటుంబాల్లో చాలామందికి ఆ పేరు తెలిసింది ఆస్పత్రి బోర్డు మీదే.

రామయ్య పేరు ఆ బోర్డు మీద ఉండదు, ఉండాల్సిన పని కూడా లేదు. కానీ ఆ పేరు దగ్గర కాసేపు ఆగాలి. 1936 దాకా కోరాపుట్ కొండలు మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో భాగం. కొండ మీదికి సర్కారు ఖాకీ బట్టలేసుకుని వచ్చినప్పుడు, వ్యాపారి కావడి మోయించుకుని వచ్చినప్పుడు, గుమస్తా కలం పట్టుకుని వచ్చినప్పుడు వాళ్ల నోట చాలాసార్లు తెలుగే వినిపించింది. ఇష్టమైన విప్లవకారులెవరని రాయగడలోనో పర్లాకిమిడిలోనో ఒక తెలుగింట్లో అడిగితే భగత్ సింగ్ అంటారు, అల్లూరి అంటారు, కుర్రాళ్లయితే చే గువేరా అంటారు. ఆ అభిమానం అబద్ధం కాదు. అయితే ఈ సరిహద్దు జిల్లాల తిరుగుబాట్లను తెలుగులో చెప్పుకోవాలంటే ముందుగా ఒప్పుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఇక్కడ తిరుగుబాటు పాట తెలుగులో ఉంది, అప్పుపత్రమూ తెలుగులోనే ఉంది. కొండ మాటిమాటికీ తిరగబడింది ఆ పత్రం మీదే.

ఒక సంత ఊహించుకుంటే ఇది బోధపడుతుంది. వంశధార ఒడ్డున, కొండలకీ మైదానానికీ నడుమ, గుణుపురంలాంటి ఊరు. తెల్లవారక ముందే బయల్దేరిన సవర తెగ ఆడవాళ్లు నెత్తిన గంపలతో దిగుతారు. గంపల్లో చింతపండు, పసుపు, కరక్కాయలు, కొండచీపుర్లు. ఊరి మొగలోనే షావుకారు మనిషి ఎదురొస్తాడు. బేరం అక్కడే, గంప దించకముందే అయిపోతుంది. కొలవడానికి షావుకారు కుంచమే తెస్తాడు. కొనేటప్పుడు గుట్టగా పోసి కొలుస్తాడు, ఇచ్చేటప్పుడు తలకొట్టి కొలుస్తాడు. డబ్బు చేతికి రాదు, పాత బాకీలో జమ అవుతుంది. ఆ బాకీ ఎప్పటిది? పోయిన ఆషాఢంలో తిండిగింజలు అయిపోయినప్పుడు తెచ్చుకున్న ధాన్యం. ధాన్యం అప్పుకి వడ్డీ కూడా ధాన్యమే. దాన్ని నాగు అంటారు. పంట రాగానే అసలూ నాగూ కలిపి కొలిచేస్తే ఇంట్లో మిగిలేది మళ్లీ ఆషాఢం దాకా రాదు. మళ్లీ షావుకారు గుమ్మమే. ఈసారి కాగితం మీద వేలిముద్ర. అందులో ఏం రాశారో వేసినవాడికి తెలియదు. కొన్నేళ్లకి ఆ కాగితం భూమిని తింటుంది. భూమి లేనివాడు మనిషినే కుదువపెట్టాలి. అప్పు తీరేదాకా షావుకారింట్లో పాలేరుగా ఉండిపోయే ఆ పద్ధతికి కోరాపుట్ కొండల్లో గోతి అని పేరు.

ఇందులో ఎక్కడా కొరడా లేదు, తుపాకీ లేదు. కుంచం ఉంది, కాగితం ఉంది, దాని వెనక కోర్టు ఉంది. పరాయి పాలన మీద తిరుగుబాట్లంటే మన కళ్ల ముందు రాజులు, కోటలు, గుర్రాలు మెదులుతాయి. ఈ కొండల్లో జరిగినవాటిని ఆ లెక్కన చూస్తే అర్థం కావు. వీటిని సర్కారు రికార్డుల్లో ఫితూరి అని రాసుకున్నారు. అల్లరి, కుట్ర అన్న అర్థంలో పాలకులు పెట్టిన మాట అది. తర్వాత తెలుగువాళ్లు అదే మాటని గౌరవంగా వాడుకున్నారు.

1879 మార్చిలో గోదావరి కొండల్లో మొదలైన రంప ఫితూరి దీనికి మంచి ఉదాహరణ. సొంత వాడకానికి కల్లు గీసుకోవడం కొండవాళ్లకి తరతరాల అలవాటు. దాని మీద రంప కొండల్ని ఏలే మన్సబుదారు చిగురుపన్ను వేశాడు, ఆపైన అబ్కారీ గుత్తదారులు వచ్చిపడ్డారు. ఆ పన్ను కథ అందరూ చెప్పుకుంటారు. అంత చెప్పుకోని కారణం ఇంకొకటుంది. మైదానం వ్యాపారులు కొండవాళ్లతో ఇష్టమొచ్చినట్టు ఒప్పందాలు రాయించుకుని, ఎక్కడో కింద ఉన్న సివిల్ కోర్టుల్లో దావాలు వేసేవాళ్లు. కొండ మనిషికి సమన్లు అందేవి కావు, అందినా చదివేవాడు లేడు. వాయిదాకి రాలేదు కాబట్టి ఏకపక్షంగా డిక్రీ. ఆ డిక్రీ పట్టుకుని కోర్టు అమీనా కొండెక్కి పశువుల్ని తోలుకుపోయేవాడు. ఈ సంగతి అప్పటి విచారణలో ఇంగ్లీషు అధికారులే నమోదు చేశారు. దున్నుకునే ఎద్దు ఎందుకు పోయిందో కూడా తెలియని మనిషి పోలీసు స్టేషన్ తగలబెట్టడం అందుకే అంత విడ్డూరం కాదు. అతని వరకు పోలీసూ అమీనా షావుకారూ అబ్కారీ గుత్తదారూ వేరువేరు మనుషులు కారు.

ఆ ఫితూరి ఒడిశా వైపు పాకిన తీరులో సరిహద్దుల ముచ్చట ఉంది. నాయకుల్లో ఒకడైన తమ్మన్న దొర 1880లో మల్కన్‌గిరి అడవుల్లోకి దాటాడు. అక్కడి కోయలు కలిశారు, పోలీసు స్టేషన్ మీద పడ్డారు. సీలేరు వచ్చి శబరిలో కలిసే మోటు దగ్గర నిలబడితే ఆ ఎత్తుగడ తెలుస్తుంది. అప్పట్లో ఆ చుట్టుపక్కల మద్రాసు సర్కారు, జయపురం రాజు, బస్తరు రాజు, హైదరాబాదు నిజాం, ఇన్ని ఏలుబడులు దగ్గరదగ్గరగా ఉండేవి. ఏరు దాటితే పోలీసు మారిపోతాడు, అడవి మాత్రం మారదు. తిరగబడినవాడికి అదే బలం. చివరికి అదే దెబ్బ కూడా అయింది. అన్ని ఏలుబడులూ ఒక్కటయ్యాక ఆ ఏడాది జూలైలో తమ్మన్న దొర ప్రాణం తీసింది మద్రాసు పోలీసు కాదు, నిజాం పోలీసు. ఇవాళ ఆయన కథని ఒడిశా ఒక పేరుతో, ఆంధ్ర ఒక పేరుతో చెప్పుకుంటాయి. రెండు చోట్లా చదివినవాడికి ఇద్దరు మనుషులేమో అనిపిస్తుంది.

ఇంకొంచెం వెనక్కి వెళ్తే కథ పర్లాకిమిడిలో మొదలవుతుంది. పర్లాకిమిడి జమీందారీలో కొండదారులు కాచే బిసోయిలు, వాళ్లతో సవరలు చేసిన అలజడిని అణచడానికి 1832 చివర్లో మద్రాసు సర్కారు రస్సెల్ అనే అధికారిని ప్రత్యేక కమిషనర్‌గా పంపింది. తర్వాత గంజాం కొండల్లోని ఘుముసరలో దొర బిసోయి, ఆయన వెనక చక్ర బిసోయి నడిపిన పోరాటాలు వచ్చాయి. చక్ర బిసోయి 1850ల నడుమ దాకా ఇంగ్లీషువాళ్లని ముప్పుతిప్పలు పెట్టాడు, ఎవరి చేతికీ చిక్కలేదు. రస్సెల్ తేల్చిన సంగతి ఏమిటంటే, మైదానం చట్టాలూ కోర్టులూ ఈ కొండల్లో నడవవు అని. దాని ఫలితమే 1839 నాటి 24వ చట్టం. గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండభాగాలను మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి, కలెక్టరునే గవర్నరు ఏజెంటుగా అక్కడ కూర్చోబెట్టింది. ఇవాళ తెలుగులో ఎవరైనా ‘ఏజెన్సీ’ అంటే కొండప్రాంతం అనే అర్థం. పాడేరు బస్సు ఎక్కేవాడూ ఏజెన్సీకి వెళ్తున్నానంటాడు. ఆ మాటకి మూలం ఈ ఏజెంటే. పర్లాకిమిడి, ఘుముసర కొండల తిరుగుబాట్లు మన వాడుక భాషలో మిగిల్చిన గుర్తు అది.

చట్టం వచ్చింది గనక అలజడి ఆగిందా? ఆగలేదు. 1856–57లో పర్లాకిమిడి కొండల్లో సవరలు రాధాకృష్ణ దండసేన నాయకత్వంలో మళ్లీ లేచారు. దండసేనను ఉరితీశారు. 1860ల నడుమ గుణుపురం పైన పొట్టసింగిలో ఒక సవర పెద్దని పోలీసులు అన్యాయంగా పట్టుకున్నారు. ఊళ్లవాళ్లు వచ్చి విడిపించుకున్నారు. ఆ గొడవలో ఇన్‌స్పెక్టరూ నలుగురు కానిస్టేబుళ్లూ చచ్చారు, స్టేషన్ కాలిపోయింది. చివరికి పట్టుబడినవాళ్లలో తొమ్మిది మందిని యావజ్జీవం ద్వీపాంతరం పంపారు, ఐదుగురిని పొట్టసింగి ఘాటు కింద జల్తేరులో ఉరితీశారు. ఊరి కింద, అందరూ నడిచే దారిలో. ఎందుకు అక్కడే అన్నది విప్పి చెప్పక్కర్లేదు. సవరలను పట్టించడంలో సాయం చేసిన జయపురం రాజుకి సర్కారు తుపాకీ బహుమానంగా ఇచ్చింది. ఆ ఐదుగురి పేర్లు తెలుగులో పాఠం కాలేదు, పాట కాలేదు.

తర్వాత వచ్చిన పెద్ద చట్టం 1917 నాటిది. ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూమి బదలాయింపు చట్టం. కొండవాళ్ల దగ్గర ఏడాదికి నూటికి 24కి మించి వడ్డీ తీసుకోకూడదు, చక్రవడ్డీ చెల్లదు, మొత్తం వడ్డీ అసలుని దాటకూడదు, ఏజెంటు అనుమతి లేకుండా కొండవాళ్ల భూమి బయటివాళ్లకి పోకూడదు. చదివితే పొట్టసింగి నుంచి రంప దాకా కొండ అడిగినవన్నీ అందులో ఉన్నట్టే కనిపిస్తాయి. కానీ చట్టం కాగితాన్ని పట్టుకోగలదు గానీ కుంచాన్ని పట్టుకోలేదు. షావుకారు రాతకోతలు మానేసి నోటిమాటకి మారాడు, లేదంటే తన దగ్గర పాలేరుగా ఉన్న ఆదివాసీ పేరు మీదే భూమి రాయించాడు. సర్కారు మాత్రం అడవిని రిజర్వు చేసి పోడు కొట్టడం నేరమంది, రోడ్లకి వెట్టిచాకిరీ చేయించింది. చట్టం వచ్చిన ఐదేళ్లకే, 1922 ఆగస్టు 22న, అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసు స్టేషన్‌లో తుపాకులు పట్టుకెళ్లాడు. ఆ కథ తెలుగువాళ్లకి మళ్లీ చెప్పనక్కర్లేదు. గాం గంటందొర, మల్లుదొర పేర్లు కూడా అంత బాగా గుర్తుంటే బాగుండేది.

సరిహద్దు జిల్లాల విప్లవకారుల్లో ఒక్కణ్ణి ఎంచుకోమంటే ఈ వ్యాసం ఎంచుకునేది నాగభూషణ్ పట్నాయక్‌ని. ఆయన గుణుపురం మనిషి. 1934లో పుట్టాడు, లాయరు. గుణుపురంలో లాయరంటే పొద్దున్నే ఇంటి అరుగు మీద కొండవాళ్లు వచ్చి కూర్చుంటారు. ఒకడి చేతిలో నలిగిన ప్రోనోటు, ఇంకొకడి చేతిలో ఫారెస్టు కేసు సమను. ఆయన ఒడియా ఇంటి బిడ్డ, పేరు తెచ్చుకున్నది మాత్రం తెలుగు నేల మీద, శ్రీకాకుళ ఉద్యమంలో. ఆ ఊరికి అది సహజం. వంశధారకి భాష లేదు, అటు రాయగడ జిల్లాలో పారి ఇటు శ్రీకాకుళం జిల్లాలోకి వస్తుంది.

శ్రీకాకుళ ఉద్యమం మొదట గిరిజన సంఘం పనిగానే నడిచింది. కూలి రేట్లు, తాకట్టు భూములు, అప్పులు, పోడు, ఇవే దాని డిమాండ్లు. కొన్నేళ్లపాటు తుపాకీ మాటే లేదు. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లు సభకి వెళ్తున్నవాళ్ల మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. నిందితులకి శిక్ష పడలేదు. కోర్టు మీద మిగిలిన కాస్త నమ్మకమూ అక్కడ తెగిపోయింది. 1968 నవంబరు 25న కొండజనం పెదగొట్టిలిలో ఒక భూస్వామి ఇంటి మీద పడ్డారు. ధాన్యం పంచుకున్నారు, దాంతోపాటు అప్పుపత్రాలు కూడా పట్టుకుపోయారు. తిండికి వచ్చినవాళ్లకి ఆ కాగితాలతో పనేమిటి? ధాన్యం నాలుగు నెలలు తింటారు, పత్రం పోతే నాలుగు తరాలు బతుకుతారు. ఉద్యమ చరిత్రలో ఎన్నో తీర్మానాలున్నాయి. వాటన్నిటికంటే ఆ రోజు మోసుకుపోయిన ప్రోనోట్ల కట్ట కొండ మనసుని తిన్నగా చెబుతుంది.

నాగభూషణ్ 1969 జూలైలో పట్టుబడ్డాడు. అక్టోబరులో మరికొందరితో కలిసి విశాఖ జైలు నుంచి తప్పించుకున్నాడు, మళ్లీ దొరికాడు. ఉరిశిక్ష పడింది. క్షమాభిక్ష అడగనన్నాడు. ఆ శిక్ష తర్వాత యావజ్జీవంగా మారింది. ఆరోగ్యం దెబ్బతిన్నాక 1981లో బయటికొచ్చి, 1982లో ఏర్పడిన ఇండియన్ పీపుల్స్ ఫ్రంట్‌కి అధ్యక్షుడయ్యాడు. 1998 అక్టోబరు 9న మద్రాసులో పోయాడు. ఈ మనిషిని ఎంచుకోవడానికి కారణం ఉరికంబాన్ని లెక్కచేయకపోవడం ఒక్కటే కాదు. శ్రీకాకుళంలో తర్వాత వచ్చిన వ్యక్తి నిర్మూలన పంథా, అంటే శత్రువనుకున్నవాళ్లని ఒక్కొక్కరిగా చంపే దారి, ఉద్యమాన్ని ఎంత నష్టపరిచిందో చూసి, బహిరంగంగా జనం మధ్య పనిచేసే దారికి వచ్చాడు. రహస్య దళాలు చంపినవాళ్లలో నిజంగా దుర్మార్గులున్నారు, ఇన్ఫార్మరన్న అనుమానంతో చచ్చిన మామూలువాళ్లూ ఉన్నారు. పోలీసుల ఎదురుకాల్పుల లెక్కలోనూ అదే జరిగింది, ఇంకా పెద్ద ఎత్తున. ఈ రెండూ చెప్పకుండా ఆ ఉద్యమాన్ని అభిమానించడం దాన్ని చిన్నబుచ్చడమే. ఉద్యమ నాయకులు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం 1970 జూలైలో పోలీసుల చేతిలో చనిపోయేనాటికి కొండ మీద గిరిజన సంఘం పేరుతో పదేళ్లు కట్టుకున్న పనంతా చెల్లాచెదురైంది.

అదే ఉద్యమంలోని కవి సుబ్బారావు పాణిగ్రాహి సంగతి ఇంకో రకం. ఒడియా బ్రాహ్మణ కుటుంబం, ఉద్దానంలోని బొడ్డపాడులో గుడి పూజారి, పాటలు కట్టి జముకుల కథ చెప్పింది తెలుగులో. 1969 డిసెంబరు 22న రంగమటియా కొండ దగ్గర ఆయన్నీ, పంచాది నిర్మలనూ, మరికొందరినీ పోలీసులు చంపారు. రంగమటియా అంటే ఒడియాలో ఎర్రమట్టి. తెలుగువాళ్లు ఆ పేరు వేలసార్లు పలికారు, అర్థం అడిగినవాళ్లు తక్కువ. గుణుపురం ఒడియావాడు తెలుగు కొండల కోసం ఉరిశిక్ష దాకా వెళ్లాడు, ఒడియా పూజారి తెలుగు పాటలు కట్టి ప్రాణం ఇచ్చాడు. ఇటు తెలుగు చదువరులు మత్తిలి లక్ష్మణ్ నాయక్‌ని ఎంతవరకు తమవాడనుకున్నారన్నది ఆలోచించుకోవాల్సిన ప్రశ్నే.

ఇక కాగితం సంగతికి తిరిగి వస్తే, నాగభూషణ్‌తో పాటు గుణుపురం నుంచే ఉద్యమంలోకి వెళ్లిన ఇంకో లాయరు భువనమోహన్ పట్నాయక్. వీళ్లంతా విశాఖ సెంట్రల్ జైల్లో ఉన్నప్పుడు జైలు గోడ మీద కరెంటు తీగ పెట్టారు. 1969లో ఖైదీలు తప్పించుకుపోయిన జైలే అది. గోడ బయట సాయుధ పోలీసుల పహరా కూడా పెట్టారు. ఖైదీలు సుప్రీంకోర్టుకి వెళ్లారు. 1974 సెప్టెంబరులో తీర్పు వచ్చింది. పిటిషన్ కొట్టేశారు. తీగ తీయించలేదు, పహరా ఎత్తించలేదు. అయితే జస్టిస్ వై.వి. చంద్రచూడ్ రాసిన ఆ తీర్పులో ఒక మాట నిలబడిపోయింది. శిక్ష పడినంత మాత్రాన మనిషికి ప్రాథమిక హక్కులన్నీ పోవు, జైలు వల్ల తప్పనిసరిగా పోయేవి పోగా మిగిలినవి ఉంటాయి అని. నాలుగేళ్ల తర్వాత 1978లో ఖైదీల హక్కులకి మూలంగా చెప్పుకునే సునీల్ బత్రా తీర్పు దీన్ని ఆధారం చేసుకుంది. దేశంలో ఏ జైల్లోనైనా ఇవాళ ఒక ఖైదీ సంకెళ్ల గురించో ఒంటరి గది గురించో అర్జీ పెట్టుకుంటే, దాని వెనక ఎక్కడో విశాఖ జైలు గోడ, గుణుపురం లాయరు పేరు ఉంటాయి. ఓడిపోయిన కేసు ఇంత పనిచేయడం చాలా అరుదు.

ఉద్యమం భూమి చట్టాన్నీ కదిలించింది. ఆంధ్రప్రదేశ్‌లో 1959 నాటి ఏజెన్సీ భూముల రెగ్యులేషన్‌ని 1970 నాటి 1వ రెగ్యులేషన్‌తో సవరించారు. దాన్నే అందరూ ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అంటారు. కొండ మీద చదువురానివాళ్ల నోట కూడా ఆ మూడు ఇంగ్లీషు మాటలు తప్పుపోకుండా వస్తాయి. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుడు గిరిజనేతరుడికి కూడా భూమి అమ్మకూడదు. గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే అది గిరిజనుడి నుంచి వచ్చిందనే ముందు అనుకోవాలి, కాదని రుజువు చేసుకునే భారం అతనిదే. ఆ చివరి సంగతే అసలైన విప్లవం. అంతవరకు కాగితం ఎవరి దగ్గర ఉంటే వాడిదే భూమి. కాగితం లేని మనిషి వైపు చట్టం మొదటిసారి నిలబడింది.

సరిహద్దుకి అటువైపు ఒడిశాలో 1956 నాటి 2వ రెగ్యులేషన్ ఉంది. అది ముందుగా అనుమతితో అమ్మకాన్ని ఒప్పుకుంది. 2002లో అమల్లోకి వచ్చిన సవరణతో గిరిజనేతరులకి అమ్మడాన్ని పూర్తిగా ఆపేశారు. అంటే సీతంపేట కొండ మీది సవరకీ, దాని వెనక గుమ్మ కొండ మీది సవరకీ ఇలాంటి రక్షణ రావడానికి మధ్య ముప్పైయేళ్ల తేడా ఉంది. ఇద్దరూ వియ్యంకులై ఉండొచ్చు. శ్రీకాకుళంలో రక్తం చిందింది గనక ఇటు చట్టం ముందొచ్చిందనడం మరీ సూటి లెక్క అవుతుంది. కానీ ఆ ఉద్యమం లేకుండా 1970లో అంత గట్టి సవరణ వచ్చేదని నమ్మడం కష్టం. 2023 నవంబరులో ఒడిశా కేబినెట్ ఆ నిషేధాన్ని సడలించాలని నిర్ణయించింది, వ్యతిరేకత రావడంతో రోజుల్లోనే వెనక్కి తగ్గింది. ఈసారి స్టేషన్లు తగలబడలేదు. కానీ కొండకి భయం ఎక్కడుందో రంప నాటి నుంచీ మారలేదు.

ఈ కాగితాల కథలో తెలుగుకి ఒక మంచి పేజీ కూడా ఉంది. పర్లాకిమిడి రాజా వారి స్కూల్లో 1880 నుంచి పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి సవర భాష నేర్చుకున్నాడు. ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని మాట మాటా పట్టుకుని నేర్చుకున్నాడు. సవర పిల్లలకి బడి పెట్టాడు, తెలుగు లిపిలో సవర పుస్తకాలు రాశాడు, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చింది. తెలుగులో ఆయన నడిపిన వ్యావహారిక భాషా ఉద్యమం అందరికీ తెలుసు, ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. మనిషి మాట్లాడే మాటే రాతలో ఉండాలన్న పట్టుదల కొండ భాషలతో ఆయనకున్న సావాసం నుంచి కూడా బలపడిందనుకోవచ్చు. తెలుగు అక్షరం అంతదాకా సవర గుమ్మంలోకి ప్రోనోటుగా వెళ్లింది. వాళ్ల మాట వినడానికి వెళ్లింది గిడుగుతోనే.

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు వెళ్లింది. తెలుగు ఊళ్లని ఒడిశాలో కలపడాన్ని నిరసిస్తూ గిడుగు ఆ ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయాడు. అప్పటికి ఆయనకి డెబ్బై దాటాయి. అర్ధ శతాబ్దం బతికిన ఊరు అది. ఆ బాధ అర్థమవుతుంది. పర్లాకిమిడి ఎవరిది అని రెండు భాషలూ పెద్దపెద్ద మాటలతో తగాదా పడ్డాయి. చుట్టూ కొండల్లో ఉన్నవాళ్లు రెండు భాషలవాళ్లూ కారన్న సంగతి ఆ తగాదాలో ఎవరికీ తట్టినట్టు లేదు.

సరిగ్గా ఆ ఏడాదే, జూన్‌లో, గుణుపురం ప్రాంతపు సవర మనిషి మంగెయ్ గొమాంగో కొత్త లిపి తెచ్చాడు. దాని పేరు సోరాంగ్ సోంపెంగ్. ఆయనకి తెలుగూ ఒడియా ఇంగ్లీషూ తెలుసు. మూడు లిపులూ అందుబాటులో ఉన్నాయి, మిషనరీలు ఇంగ్లీషు అక్షరాల్లో సవర రాస్తున్నారు కూడా. అవేవీ వద్దనుకున్నాడు. కొత్త అక్షరాలు 24, ఒక్కో అక్షరం ఒక్కో దేవత. ఓంకారంలాంటి ఒక ఆకారంలో అక్షరాలన్నిటినీ పొదిగి, దాన్ని గుడిలో పెట్టి అక్షరబ్రహ్మగా కొలుస్తారు. దీపం పెట్టి, కొబ్బరికాయ కొట్టి అక్షరానికి మొక్కుతారు. తరతరాలుగా వేలిముద్ర వేసి మోసపోయిన జాతి అక్షరాన్నే దేవుణ్ణి చేసుకుంది. ఆ లిపిలో పుస్తకాలు అచ్చయ్యాయి. 2012లో అది యూనికోడ్‌లో చేరింది. ఎవరూ చనిపోలేదు, ఎవర్నీ చంపలేదు, ఏ చరిత్ర పుస్తకమూ దీన్ని తిరుగుబాటుగా రాయలేదు. కానీ పొట్టసింగిలో స్టేషన్ తగలబెట్టిన చెయ్యీ, పెదగొట్టిలిలో ప్రోనోట్లు ఎత్తుకెళ్లిన చెయ్యీ దేనికోసం చాచాయో ఆ గుడిలో కనిపిస్తుంది.

బళ్లలో మాత్రం సంగతి వేరు. సీతంపేటలో సవర పిల్ల తన భాష వాచకాన్ని తెలుగు అక్షరాల్లో చదువుతుంది. గుమ్మలో ఆ పిల్ల మేనమామ కూతురు అదే భాషని ఒడియా అక్షరాల్లో చదువుతుంది. పండక్కి కలిసినప్పుడు ఇద్దరూ ఒకే మాట మాట్లాడుకుంటారు. ఒకరి పుస్తకం ఒకరికి చదవడం రాదు.